డ్రైవ్ కింద డిజైన్లు

అక్క గీసుకున్న గౌన్ల డిజైన్లు కంప్యూటర్లో ఒక్కటీ కనబడలేదు. దానికి విండోస్ బదులు లైనక్స్ ఎక్కించిన తమ్ముడు ఫోల్డర్ తెరిచి చూసి ఇంతెత్తున లేచాడు.

"సేవ్ చేయడం కూడా చేతకాదా నీకు?"

"చేశాన్రా! నిన్నటిదాకా ఉన్నాయి."

వంటింట్లోంచి బావ, పిల్లలు తొంగిచూశారు.

"పొద్దున నేను పెట్టిన కొత్త డ్రైవ్ వల్లంటావా? దాన్ని తీసేసి మరీ చూపిస్తా. అప్పుడైనా ఒప్పుకుంటావా?" అంటూ తమ్ముడు డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి విడదీశాడు.

డిజైన్లన్నీ బయటపడ్డాయి. ఆ డ్రైవ్‌ను సరిగ్గా అక్క ఫోల్డర్ మీదే మౌంట్ చేసి, అంటే దానికే తగిలించి, అందులో ముందున్నవాటిని కనబడకుండా కప్పెట్టింది తనే.

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. స్క్రీన్ మీంచి మొహం తిప్పలేక, "ఉన్నాయక్కా, తప్పు నాదే" అని గొణిగాడు.

"వాళ్లకి వినబడలేదురా. ఇందాక అరిచినంత గట్టిగా చెప్పు" అంది అక్క.