గిరిబాబు పెరట్లో మూడు ప్లగ్గులు

సూర్యం లోకో షెడ్‌లో డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటుండగా భార్య అన్న గిరిబాబు ఫోన్ చేశాడు.

"బావా, ఓసారి ఇంటికి రా. శ్వేతకి షాక్ కొట్టింది."

సూర్యం ఉన్నపళంగా బండి మీద నెహ్రూ నగర్‌లోని వాళ్లింటికి వెళ్లాడు. గిరిబాబు భార్య శ్వేత పెరటి మెట్టు మీద మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

"నాకేం కాలేదన్నయ్యా. ఆ డ్రమ్ము దగ్గరికి వెళ్లాలంటేనే భయమేస్తోంది."

ఇంట్లోనే బీరు కాచే యంత్రం కోసం గిరిబాబు చలికాలమంతా తంటాలు పడ్డాడు. స్టీలు డ్రమ్ము, అడుగున హీటరు, నీళ్లు తిప్పడానికి పంపు, వేడి కనిపెట్టే సెన్సరు. ఫోన్‌లో నొక్కితే చాలు, మిగతాదంతా అదే చేసుకుంటుంది. కాకపోతే మూడు తీగలకూ ఒకే రకం నల్ల ప్లగ్గులు బిగించాడు. శ్వేత ఇవాళ నేల తుడుస్తూ అన్నీ ఊడదీసి, మళ్లీ పెట్టేటప్పుడు హీటరుది పొరపాటున పంపు సాకెట్‌లో పెట్టింది. ఆ లోడు తట్టుకోలేక ప్లగ్గు కరిగిపోయింది. లాగబోతే తడి చేతికి కొట్టింది.

కరిగిన ప్లగ్గు చూడగానే సూర్యానికి ఒళ్లు జలదరించింది.

"ఏటి బావా ఇది! ఒకదాని ప్లగ్గు ఇంకోదాన్లో దూరకూడదు. ఎవులు పెట్టినా తప్పు జరక్కుండా ఉండాల."

"అచ్ఛా, ఏం కొనాలో నువ్వే సెప్పు."

ఇద్దరూ బజారుకెళ్లారు. హీటరుకి మూతున్న లావుపాటి నీలం ప్లగ్గు, పంపుకి తిప్పి బిగించే చిన్న ప్లగ్గు, సెన్సరుకి మరలున్న వేలెడు కనెక్టరు, కరెంటు లీకైతే తక్షణం ఆపేసే బ్రేకరు తెచ్చారు. సూర్యం ఎర్తు కలిపి, ఒకదాని ప్లగ్గు ఇంకోదాని సాకెట్‌లో పెట్టడానికి తనే కావాలని ప్రయత్నించాడు. దూరలేదు. ఉత్త నీళ్లు కాచి చూశారు. అప్పుడుగానీ శ్వేత మెట్టు దిగి దగ్గరికి రాలేదు.

గిరిబాబు సంబరంగా మాల్టు సంచి విప్పి, మొలకెత్తించి ఎండబెట్టిన ఆ బార్లీని వేడినీళ్లలో పోశాడు. తియ్యటి వాసన గుప్పుమంది. సూర్యానికి నోరూరింది. వెనువెంటనే సిగ్గేసింది. అతను తాగుడు మాని ఇది రెండో వేసవి. అంతకుముందు ఒకరోజు గతౌరా స్టేషన్ బెంచీ మీద ఒళ్లు తెలీకుండా పడుంటే, భార్య ప్రసూనా, ఈ గిరిబాబూ వచ్చి మోసుకెళ్లారు.

గిరిబాబు ఫ్రిజ్‌లోంచి పోయిన నెల కాచిన బీరు సీసా తీసి గ్లాసులో వంచాడు.

"ఒక్క గుక్క. రుచి సెప్పు బావా. బీరే కదా!"

అతని మాటలో మోసం లేదు. చేసిన వంట రుచి చూడమన్నట్టే అన్నాడు. సూర్యం గ్లాసు అందుకున్నాడు. చల్లదనం అరచేతిలోకి పాకింది. పెదాల దాకా తెచ్చాడు కూడా. గబుక్కున దించబోతే నురగ చొక్కా మీద ఒలికింది. గ్లాసు గోడ మీద పెట్టేసి, వీధిలోకి వచ్చి ప్రసూనకి ఫోన్ చేశాడు.

"మీ అన్నయ్య ఇంటికాడున్నాను. వచ్చి తీసుకుపో. బండి మీద ఒక్కణ్ణీ రాలేను."

ఆమె ఆటోలో వచ్చింది. చొక్కా వాసన తగలగానే ఆమె ముఖం పాలిపోయింది.

"తాగేవా?"

"నేదు."

ఆమె ఆటోలో ఎడంగా కూర్చుంది. క్వార్టర్‌కి చేరాక గదిలోకెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపలినుంచి శ్వేతతో ఫోన్‌లో మాట్లాడే గొంతు సన్నగా వినిపించింది. "వదినా, నిజం చెప్పు. ఆయన తాగేడా?"

సూర్యం వరండాలో నిలబడిపోయాడు. తన మాట చెల్లనందుకు కోపం వచ్చింది. గతౌరా నుంచి ఇంటిదాకా ఈమె ఎట్లా ఏడ్చిందో గిరిబాబు చెప్పింది గుర్తొచ్చాక ఆ కోపం నిలవలేదు.

ప్రసూన బయటికి వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"గ్లాసు నోటిదాకా తెచ్చేవంట."

"తెచ్చేను."

"ఇంక అక్కడికి ఎల్లకు."

"ఎల్లను. నువ్వు మాత్రం ఇలాగే అడుగుతుండు పసూనా. ఎవుల్నైనా అడుగు. నాకేటీ కోపం రాదు."

ఆమె ఉతకడానికి చొక్కా ఇమ్మని చెయ్యి చాచింది.