ఖలాస్ వచ్చింది

"శ్వాస లేకుండా తాలింపు పోశావా? అది ములూఖియా కాదమ్మాయ్, ఆకునీళ్ళు."

పెళ్ళయిన కొత్తలో మా అత్తయ్య హాజ్జా నఈమా అన్న మాట ఇది. నైలు ఒడ్డున ఉన్న మా సొహాగ్‌లో ములూఖియా ఆకుకూర వండే ఆడది వెల్లుల్లి, ధనియాల తాలింపు కుండలో పోస్తూ, ఉలిక్కిపడినట్టు "హా" అని గట్టిగా ఊపిరి లోపలికి లాగాలి. లేకపోతే రుచి రాదట. మా అమ్మ లాగితే పక్కింటివాళ్ళు కూడా ఆకలేసి నవ్వేవారు. తాలింపు పోసి, శ్వాస లాగి, వెంటనే నన్ను చూసి కన్నుకొట్టేది. ఆ వంటిల్లు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టు ఉంటుంది. ఇక్కడ అత్తింట్లో మాత్రం పదేళ్ళుగా నా శ్వాస కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

ఆ శుక్రవారం రెండు పిడుల కత్తితో ఆకు తరుగుతూ నేను విశ్వవిద్యాలయంలోని నా కణాల గురించే ఆలోచిస్తున్నాను. నేను చదివేది మాయ గురించి, బిడ్డ వెనక వచ్చే మాయ. ప్రయోగశాలలో గాలి కొలిచి నింపే పెట్టెలో, తక్కువ ఆక్సిజన్‌లో దాని కణాలు ఒకలా ఉంటాయి. విడివిడిగా ఉండి, పెద్దగా మారవు. కాస్త ఎక్కువ గాలి తగిలితే అవే కణాలు ఒకదానిలో ఒకటి కలిసి, బిడ్డకు తిండి అందించే పొరగా మారతాయి. చుట్టూ ఉన్నది మారితే వాటి నడత మారుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. "పారేసే మాంసం ముద్ద మీద ఇంత చదువా!" అంటాడు మా ఆయన షౌఖీ. "ఇంట్లో గాలి చాలక పెట్టెలో గాలి కొలుస్తోంది" అని అత్తయ్య అందుకుంటుంది. పోరు పడలేక, తల ప్రాణం తోకకొచ్చి, ఒకరోజు అనేశాను: "ఇంకొక్క ఖలాస్ దొరికితే నా ప్రయోగం పూర్తవుతుంది. తర్వాత ఈ వీధి బడిలో టీచరుగా చేరతాను." మా వైపు మాయను ఖలాస్ అనే అంటారు. అయిపోయింది అన్నా ఖలాసే.

ఆ మాట మొదట విన్నది మా అమ్మమ్మ నోటనే. తమ్ముడు పుట్టిన తెల్లవారి, మాయను తెల్లగుడ్డలో చుట్టి, రొట్టెముక్క, ఉప్పు కలిపి, నన్ను వెంటబెట్టుకుని నైలు ఒడ్డుకు నడిచింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మూట మునిగేదాకా నా చెయ్యి వదల్లేదు. "వీడికి తొమ్మిది నెలలు అన్నం పెట్టింది ఇదే, ఊపిరి పెట్టింది ఇదే. వాడికేమో ఏడు పేర్లు వెతుకుతున్నారు. చాకిరీ చేసినదానికి పేరేమిటో తెలుసా? అయిపోయింది, అని" అంది. అప్పుడు నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు.

నమాజు నుంచి షౌఖీ, అతని అన్నలు వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. నేను పళ్ళాలు పెడుతుండగా అత్తయ్య నాలుక ఆడిస్తూ పెళ్ళింట్లోలా సంబరంగా కూత పెట్టింది.

"ఏమిటి అత్తయ్యా, ఎవరికైనా సంబంధం కుదిరిందా?"

"నీకే శుభవార్త! ఇందాక నువ్వు ఆకు కడుగుతుంటే నీ ఫోన్ మోగింది. ఆ ఆసుపత్రి నర్సు ఫిక్రియా. 'డాక్టరమ్మకు చెప్పండి, ఖలాస్' అంది. నీ కొలువు అయిపోయిందటే పిల్లా! పీడా పోయింది."

"బడివాళ్ళకు నేను చెప్పేశాను కూడా," అన్నాడు షౌఖీ రొట్టె తుంచుతూ. "ఆదివారం చేరుతుందని."

చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టాను. ఫిక్రియాకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారు డాక్టరమ్మా? తల్లి సంతోషంగా ఒప్పుకుంది. ఖలాస్‌ను మంచులో పెట్టి కూర్చున్నాను. ఇంకాస్త ఆలస్యమైతే మీ కణాలు చచ్చిపోతాయి, తర్వాత నన్నేం అనకండి!"

నేను ఏప్రన్ విప్పాను. పొయ్యి మీద తాలింపు ఎర్రబడుతోంది.

"తాలింపు పోసి పో!" అని అత్తయ్య అరిచింది. "మగవాళ్ళు ఆకలితో ఉన్నారు!"

గరిటె ఆమె చేతిలో పెట్టాను. భయం వేసింది, అబద్ధమెందుకు. మెట్లు గబగబా దిగాను. వీధిలోకి వచ్చాకే గాలి ఛాతీ నిండా దిగింది.

ఆసుపత్రిలో తీసుకున్న మాయ ఉన్న మంచుపెట్టె ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో ప్రయోగశాలకు వెళ్తుంటే పక్కన నైలు కనిపించింది. అమ్మమ్మ చెయ్యి గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. అప్పుడు షౌఖీ ఫోన్.

"అమ్మకు దగ్గొచ్చి శ్వాస లాగలేకపోయింది. కూర ఎవరూ ముట్టలేదు. అన్నల ముందు నా పరువు తీశావు. ఇంతకీ నర్సు ఖలాస్ అన్నది అబద్ధమా?"

"నిజమే. ఖలాస్ వచ్చింది. నా ఒళ్ళోనే ఉంది. బడికి నేను రానని చెప్పు."

అటువైపు చెంచా బల్ల మీద పడేసిన చప్పుడు.

"మరి ప్రతి శుక్రవారం ఇదేనా? ములూఖియాకు శ్వాస ఎవరు లాగాలి?"

"తినేవాళ్ళు," అన్నాను.