తుపాకీవాడికి పోసిన కాఫీ

కుక్కకు లైసెన్సు కావాలన్నా, శ్మశానంలో ఆరడుగుల చోటు కావాలన్నా ఆ ఊరి జనం హెల్వీ మాట్టా దగ్గరికే రావాలి. ఇరవై ఆరేళ్లుగా ఊరి క్లర్కు ఆమె. ఎన్నికలు జరిపించేదీ ఆమే. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ అడవుల్లో ఓటర్లు మూడు వందలకు మించరు. అయినా ఒక్క ఓటు తేడా రానివ్వలేదని ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ గర్వం కాస్తా ఆగస్టులో మంటగలిసింది.

నవంబరు ఎన్నికకు ఓట్లు వేయించడానికి బల్ల దగ్గర కూర్చునేవాళ్ల పేర్లు ఇంకో పది రోజుల్లో పంపాలి. రెండు పార్టీల వాళ్లూ ఉండి తీరాలి. ఊళ్లో ఒక పార్టీ తరఫున కూర్చునే మనిషి బెర్నిస్ పెల్కీ ఒక్కతే, ఆమె రానని తెగేసి చెప్పింది. బెర్నిస్ లేకపోతే ఊళ్లో పోలింగ్ ఎత్తేసి, ముప్ఫై ఎనిమిది మైళ్ల అవతలి ఊళ్లో కలిపేస్తారు. నవంబరు మంచులో అంత దూరం బండి నడుపుకుంటూ పోయి ఓటేసే ముసలివాళ్లు ఎంతమంది ఉంటారు?

బెర్నిస్‌ది ఉత్త మొండితనం కాదు. పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ఆగస్టు తొలి విడత ఎన్నికప్పుడు డేల్ రికర్డ్ అనేవాడు గుండెల మీద అడ్డంగా రైఫిల్ వేలాడేసుకుని ఊరి హాల్లోకి వచ్చాడు. ఓట్ల మెషీను పక్కన నిలబడి, "ఏం లేదు, చూడ్డానికొచ్చా" అన్నాడు. హెల్వీ ఆ ప్రాంతపు పోలీసు అధికారి షెరీఫ్‌కు ఫోన్ చేసింది. తుపాకీతో నిలబడడం నేరం కాదు, ఎవరినైనా బెదిరిస్తే చెప్పండి అన్నాడాయన. డేల్ ఎవరినీ ఏమీ అనలేదు. నాలుగు గంటల సేపు అక్కడే నిలబడ్డాడు.

ఏం చేయాలో తోచనప్పుడు ఆ ఊళ్లో వాళ్లు కాఫీ పోస్తారు. చావు ఇంట్లోనూ పోస్తారు, పోట్లాటలోనూ పోస్తారు. తాతలు ఫిన్లాండ్ నుంచి తెచ్చుకున్న అలవాటు అది. హెల్వీ కూడా కప్పు నింపి, యాలకుల రొట్టె రెండు ముక్కలు కోసి ప్లేటులో పెట్టి డేల్‌కు అందించింది. వాడు తిని, చేయి తుడుచుకుని, మళ్లీ తుపాకీ మీద చేయి వేశాడు.

సాయంత్రం లెక్క ముగించి సంతకం పెట్టాక బెర్నిస్ కోటు తీసుకుంది. "వాడికి కాఫీ పోశావు కదే, మహాతల్లీ! రొట్టె కూడా పెట్టావు!" అంది. ఆ తర్వాత హాలు గడప తొక్కలేదు.

అందుకే, పోలింగ్ జరిగే చోటికి వంద అడుగుల లోపల తుపాకులు తేకూడదనే బిల్లు మీద శాసనసభ కమిటీ జనం మాట వింటుందని తెలియగానే, హెల్వీ తన పేరు రాయించుకుంది. రాజధాని తొమ్మిది గంటల దారి. ఆమె కారు అంత దూరం వెళితే తిరిగి రాదు. తమ్ముడు రూడీ తన ట్రక్కు తీశాడు కానీ, దారిలోని పెద్ద వంతెన దాటేదాకా సణుగుతూనే ఉన్నాడు.

"ఇవాళ హాలు దగ్గర వద్దంటారు. రేపు నా దుప్పుల వేట మీద పడతారు. నువ్వే వెళ్లి తలుపు తీస్తున్నావక్కా."

"నాకూ రైఫిలుంది. పోయినేడు నీకంటే పెద్ద దుప్పిని కొట్టింది నేనే."

"అబ్బ, ఆ ముక్క ఎన్నాళ్లు చెబుతావు?"

"నువ్వు పెద్దదాన్ని కొట్టేదాకా. ముందు రోడ్డు చూసి నడుపు."

కమిటీ గదిలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. హెల్వీ కాగితం మీద రాసుకున్నది చదివింది. ఎంత దూరమో, ఎంతమంది ఓటర్లో, బెర్నిస్ ఎందుకు మానేసిందో. ఇంకా సమయం మిగిలే ఉంది. అప్పుడు బిల్లు గిట్టని సభ్యుడొకాయన కళ్లజోడు సవరించుకున్నాడు.

"మాట్టా గారూ, ఆ డేల్ మాకు ఉత్తరం రాశాడు. మీరు తనను ఎంతో మర్యాదగా చూశారట. కాఫీ ఇచ్చారట, రొట్టె కూడానట. నిజమేనా అమ్మా?"

"నిజమే."

"భయపడ్డ మనిషి ఎదుటివాడికి ఫలహారం పెడుతుందా?"

గదిలో వెనక కూర్చున్నవాళ్లు గొల్లుమన్నారు. హెల్వీకి చెవులు కాలిపోయాయి. ఇరవై ఆరేళ్లలో ఆమెను చూసి ఎవరూ అలా నవ్వలేదు. లేచి పోదామని ఒక్క క్షణం అనిపించింది. కానీ లేవలేదు. కాగితం మడిచి పక్కన పెట్టింది.

"పెడుతుందండీ," అంది. "భయపడే పెట్టాను. సగం కాఫీ సాసర్లోనే ఒలకబోశాను, ఆ మాట వాడు మీకు రాసుండడు. వాడి కడుపు నిండితే వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. మా ఉర్హో అనే పెద్దాయనకు ఎనభై నాలుగేళ్లు. ప్రతి ఎన్నికలో మొదటి ఓటు ఆయనదే. ఆ రోజు గుమ్మం దాకా వచ్చి, వాణ్ని చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను కుర్చీలోంచి లేచి పిలవలేదు. పిలిస్తే వాడు నా వైపు తిరుగుతాడని భయం. ఒక ఓటు పోగొట్టాను నేను. ఇన్నాళ్లూ ఈ సంగతి నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. నా పక్కన కూర్చున్న మనిషికి కూడా చెప్పలేదు. క్లర్కును కదా, నేను భయపడకూడదు కదా అనుకున్నాను. మీరు నవ్వాలనుకుంటే నవ్వండి. నేను మాత్రం నవంబరులో ఆ తలుపు తెరుస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సమయం అయిపోయిందని గంట కొట్టారు. బిల్లు ఏమైందో ఆ రోజు తేలలేదు. నెలల తరబడి నానుతుందని, ఏమైనా నవంబరుకు మాత్రం అందదని అక్కడి గుమాస్తా చెప్పాడు.

తిరుగు దారిలో రూడీ వంతెన మీదికి వచ్చాక, "ఉర్హో సంగతి నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాడు.

"సిగ్గేసింది."

"బిల్లు నాకిప్పటికీ నచ్చలేదు."

"నచ్చకపోతే మానె. ఉర్హోను తీసుకొచ్చే పని మాత్రం నీదే."

"సరేలే," అన్నాడు రూడీ.

మూడో రోజు పొద్దున హెల్వీ హాలు తాళం తీసేసరికి మెట్ల మీద బెర్నిస్ కూర్చుని ఉంది. లైబ్రరీ కంప్యూటర్లో కమిటీ సంగతంతా చూసిందట.

"నాలుగు గంటలు నా పక్కనే కూర్చున్నావు," అంది బెర్నిస్. "ఒక్క మాట అనలేదేమే? నేనొక్కదాన్నే పిరికిదాన్ని అనుకున్నాను. నీకు చీమ కుట్టినట్టు కూడా లేదనుకున్నాను."

"నాకు భయమని తెలిస్తే నువ్వు లేచి వెళ్లిపోతావనుకున్నాను."

"తెలియకే వెళ్లిపోయాను."

హెల్వీ తలుపు తోసి పట్టుకుంది.

"వాడు మళ్లీ రావచ్చు, బెర్నిస్. ఇంకా ఏ చట్టమూ లేదు," అంది.

"రానీ. వస్తే ఇద్దరికీ భయమేస్తుంది. ఈసారి ఇద్దరం పైకే అందాం, వాడికి వినపడేలా." బెర్నిస్ చేయి చాపింది. "ఆ పేర్లు పంపే ఫారం ఇలా తే. సంతకం ఎక్కడ పెట్టాలి?"