రేకుల గదిలో యార్డు

సంగారెడ్డికి రైలు ఎన్నికలప్పుడల్లా వస్తుంది, ఓట్లు పడగానే వెళ్లిపోతుంది. మా ఆయన జైపాల్‌కు అంత ఓపిక లేదు. ఇంద్రేశంలో మా ఇంటి మీద వేసుకున్న రేకుల గదిలో తనే పట్టాలు పరిచాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఊరికి స్టేషన్ లేదు గానీ మా ఇంట్లో గూడ్స్ యార్డు ఉంది.

"అందరు రైలు బొమ్మ తెస్తే గుండ్రంగ తిప్పుతరు. నువ్వేంది, తిరగని రైలు పెట్టినవు?" అని పెళ్లయిన కొత్తలో అడిగాను.

"తిరిగేది పిల్లల ఆట. అసలు రైల్వే అంటే సదురుడే సునందా," అన్నాడు.

నిజంగానే ఆ గదిలో పనంతా సర్దడమే. పెద్ద చెక్కబల్ల, దాని మీద ఒక చివర వచ్చే లైను. కలగాపులగంగా వ్యాగన్లు కట్టిన బండి అక్కడ నిలబడుతుంది. రెండో చివర చేతివేళ్లలా విడిపోయి, పేర్ల బోర్డులు పెట్టుకున్న నాలుగు లైన్లు: పటాన్‌చెరు, సంగారెడ్డి, బొల్లారం, కంది. ప్రతి వ్యాగన్ నెత్తిన ఒక రంగు గుండుసూది. తెల్లది పటాన్‌చెరుకు, నీలం సంగారెడ్డికి, ఎర్రది బొల్లారానికి, ఆకుపచ్చది కందికి. ఇంజిన్ వెనక నుంచి నెడుతుంటే చీపురుపుల్లతో కొక్కెం విప్పాలి, సైకిల్ పుల్ల లాగి పట్టా మార్చాలి, ఏ లైను వ్యాగన్‌ను ఆ లైనులోకి వదలాలి. అన్నీ సర్దడం అయ్యాక మళ్లీ కలిపేసి కొత్త బండి కట్టి వచ్చే లైనులో నిలబెట్టాలి. బియ్యంలో రాళ్లు ఏరి మళ్లీ ఆ బియ్యంలోనే పోసినట్టు. ఈ మాట అంటే ఆయనకు కోపం వచ్చేది, అందుకే వారానికోసారి అనేదాన్ని.

ఇంజిన్ ఒక్కటే కొన్నది. వ్యాగన్లన్నీ పైపు ముక్కలతో, అట్టలతో ఆయనే చేశాడు. బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఫిట్టరు, చేతి పని బాగా వచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. జైపాల్‌కు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపించేవి. రైలు డ్రైవర్ కావాలని పరీక్ష రాశాడు, పాసయ్యాడు, కళ్ల దగ్గర పోయింది. రంగు చుక్కల మధ్య అంకె చదవమన్నారట, ఈయనకు చుక్కలే కనిపించాయట. ఆ ఉద్యోగం పోయింది కాబట్టే బొల్లారం కంపెనీకి వెళ్లాడు. "మరి సూదులకు వేరే రంగులు పెట్టుకోరాదా?" అంటే ఒప్పుకోలేదు. సిగ్నల్‌లో ఉండేవి అవేనంటాడు. మొండిఘటం.

అందుకని ఆదివారం ఆదివారం నేను పక్కన కూర్చోవాలి. ఆయన వ్యాగన్ పైకెత్తి చూపిస్తాడు. "సునందా, ఇది ఎర్రదా, పచ్చదా?" నేను చెబుతాను. ఒళ్లు మండిన రోజు తప్పు చెబుతాను. బొల్లారం పోవాల్సిన డ్రమ్ములు పోయి కంది పొలాల్లో దిగుతాయి. నేను ఇంట్లో లేనప్పుడు ఒక్కడే ఆడుకున్నాడంటే కూడా దొరికిపోయేవాడు. తెలుపు, నీలం సరిగ్గా ఉండేవి, ఎరుపూ ఆకుపచ్చా మాత్రం రెండు లైన్లలోనూ కలిసిపోయి ఉండేవి. ఆ తప్పు ఆయన సంతకం.

మా అత్తమ్మ మొగులమ్మ ఆ గది గడప తొక్కేది కాదు. మోకాళ్ల నొప్పులు, పైగా పట్టుకోడానికి ఏమీ లేని మెట్లు. కింద నుంచే తిట్టేది. "పెండ్లాం మొగలు బొమ్మలతోని ఆడుకుంటరు, ఇంట్ల నీళ్లు నింపేటోళ్లు లేరు" అని. నాకూ ఆమెకూ అసలు పడేది కాదు. పచ్చిమిరపకాయలు ఏరి పెట్టమంటే పండువి కలిపి పెట్టేది. కావాలనే చేస్తుందని నేను గిన్నెలు విసిరేసేదాన్ని.

మొన్న ఎండాకాలం పోతూ పోతూ జైపాల్‌ను తీసుకుపోయింది. పొద్దుటి షిఫ్టుకు కంపెనీ బస్సెక్కాడు. రియాక్టర్ పేలింది. ఆ పొగ మా మిద్దె మీది నుంచి కనిపించింది, అది ఆయన కంపెనీయే అని తెలియక నేను బట్టలు ఆరేస్తూ చూశాను. తర్వాత ఆసుపత్రిలో అత్తమ్మ రక్తం తీసుకున్నారు, దొరికినవాటితో సరిపోల్చారు. దేనితోనూ కలవలేదన్నారు. ఇంకేమీ దొరకలేదన్నారు. శవం లేదు, ఎముక లేదు, చెప్పు కూడా లేదు. మనిషి లేడని మాత్రం చెప్పారు.

నాకు ఏడుపు రాలేదు. ఏమీ చూపించకుండా ఏడవమంటే ఎలా ఏడుస్తారు?

మా చిన్నమామ నాగయ్య పెద్దమనిషిగా వచ్చి కూర్చునేవాడు. "వాని బట్టలు పెట్టి బొమ్మ చేసి మట్టి చేద్దాం వదినె. పెత్రమాస వస్తున్నది. చచ్చినోళ్లందరి పేర బియ్యం ఇస్తం గద. వాని పేర ఇయ్యకపోతే ఆకలితోని తిరుగుతడు," అనేవాడు.

అత్తమ్మ గోడ వైపు చూస్తూ, "సునందను అడుగు" అనేది. నన్నడిగితే, "అత్తమ్మను అడుగు" అనేదాన్ని. మాట అటూ ఇటూ తిరిగేది. బియ్యం ఇస్తే ఆయన చచ్చిపోయినట్టు నా నోటితో నేను ఒప్పుకున్నట్టే. ఇవ్వకపోతే, నిజంగా పోయి ఉంటే, ఆయన ఆకలికి నేను కారణం. ఈ రెంటి మధ్యా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

నేను ఒప్పుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది నాగయ్య మామకు చెప్పలేదు, అత్తమ్మకూ చెప్పలేదు.

ఆయన పోయే ముందు ఆదివారం కట్టి పెట్టిన బండి ఒకటి వచ్చే లైనులో అలాగే నిలబడి ఉండేది. దాన్ని ముట్టుకునే ధైర్యం లేక తలుపు దగ్గరగా వేసి వచ్చేదాన్ని. ఒక సాయంత్రం కంది నుంచి వచ్చాను. అక్కడ కాలేజీ క్యాంపస్ మెస్‌లో పని నాకు. ఆరేసిన బట్టల కోసం పైకెక్కి, ఊరికే గదిలోకి తొంగిచూశాను. బండి లేదు. వ్యాగన్లన్నీ నాలుగు లైన్లలో సర్ది ఉన్నాయి. తెలుపు పటాన్‌చెరులో, నీలం సంగారెడ్డిలో. ఎర్ర సూదుల మధ్య ఆకుపచ్చవి, ఆకుపచ్చ సూదుల మధ్య ఎర్రవి.

గదిలో బొల్లారం మందుల కంపెనీల వాసన. గాలి మళ్లితే ఊరంతా కొట్టే వాసనే అది, కానీ నాకు ఆయన చొక్కా వాసనలాగే వచ్చింది. భయం వేయలేదంటే అబద్ధం. భయం కన్నా సంతోషం ఎక్కువ వేసింది. "అన్నం తిన్నవా?" అని అడిగాను, ఖాళీ గదిని.

మర్నాడు పొద్దున్నే, అత్తమ్మ లేవకముందే, పనికి పోయే ముందు పైకెక్కాను. వ్యాగన్లన్నీ కలిపేసి కొత్త బండి కట్టి వచ్చే లైనులో నిలబెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే సర్ది ఉంది. అవే తప్పులు. ఆ తర్వాత అదే మాకు కాపురమైంది. పొద్దున నేను బండి పెడతాను, నేను లేనప్పుడు ఆయన వచ్చి సర్దుతాడు. ఒకసారి ఎర్రవే ఎక్కువ పెట్టి పరీక్ష చేశాను, నాలుగోవంతు కందికి పోయాయి. నవ్వాను. ఆ గదిలో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. ఇలా రంగులు తెలియకుండా సర్దే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉన్నాడా? లేడు కదా. మరి బతికున్నవాడికి బియ్యం ఎలా ఇస్తారు?

పెత్రమాస దగ్గరికొచ్చింది. మెస్‌లో పిల్లలు దసరా సెలవులకు ఊళ్లకు పోతుండడంతో ఆ రోజు మమ్మల్ని మధ్యాహ్నమే పంపించేశారు. షేరింగ్ ఆటో దిగి ఇంటికొస్తే కింద ఎవరూ లేరు. అత్తమ్మ మంచం ఖాళీ. పైనుంచి చప్పుడు వినిపించింది. పట్టా మీద చక్రం దొర్లే చప్పుడు.

నేను పరుగెత్తలేదు. తొందరపడితే వెళ్లిపోతాడని మెట్టు మీద మెట్టు మెల్లగా ఎక్కాను. కనిపించగానే ముందు తిట్టాలనుకున్నాను. ఇన్నాళ్లూ చాటుగా వచ్చిపోతున్నందుకు కడుపునిండా తిట్టి, తర్వాత అన్నం పెట్టాలనుకున్నాను. తలుపు ఓరగా ఉంది.

అత్తమ్మ. కొంగు నడుముకు దోపుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేత్తో వ్యాగన్‌ను నెడుతోంది. ఇంజిన్‌లో కరెంటు ఉంటుందని దాని జోలికి పోలేదు. ఆకుపచ్చ సూది వ్యాగన్‌ను ఏ అనుమానమూ లేకుండా బొల్లారం లైనులోకి తోసింది.

నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఈ ముసలామె నా మొగుణ్ని రెండోసారి చంపిందనిపించింది.

ఆమె నన్ను చూసి తడబడలేదు. "మెల్లగ రా," అంది. "జైపాల్ పొద్దున బండి తెచ్చి పెట్టి పోయిండు. నేను సదురుతున్న."

"జైపాలా?"

"మరెవలు? మొదటిసారి వాడు ఇడిసిపెట్టి పోయిన బండి ఉండె. వచ్చినంక పని మిగిలిందని పరేషాన్ అయితడని నేనే సదిరిన. మీరు ఆడుకునేది కింద కూసోని ఇన్నేండ్లు ఇన్న గద, ఏది యాడికి పోవాల్నో ఎర్కే. తెల్లారి సూస్తే కొత్త బండి తెచ్చి పెట్టిండు. ఇగ దినాం పెడ్తడు. నీకు చెప్తే భయపడ్తవని చెప్పలె."

ఆ బండ్లన్నీ నేను కట్టినవి. నేను కట్టింది కొడుకు తెచ్చాడని ఆమె సర్దింది. ఆమె సర్దింది మొగుడు సర్దాడని నేను కట్టాను. నడుమ జైపాల్‌ను నిలబెట్టుకుని మేమిద్దరం ఇన్నాళ్లూ కాపలా కాశాం.

ఒక మాట మింగేస్తే చాలు. ఆమె కొడుకు బతికే ఉంటాడు. రేపు పొద్దున కూడా బండి తెస్తాడు. నా మొగుడు పోయాడని నాకెలాగూ తెలిసిపోయింది, ఆమెకైనా మిగలనీ అనుకున్నాను. కానీ పెత్రమాస వచ్చి పోతుంది. ఆయన ఆకలి అలాగే ఉంటుంది.

ఆమె తోసిన వ్యాగన్ చూపించి, "అది పచ్చది అత్తమ్మా. కందికి పోవాలె," అన్నాను.

"నాకేమెర్క బిడ్డా. నాకు రెండు ఒక్కతీరుగనే కనబడ్తయి. మా నాయనకు గూడ గంతే." వ్యాగన్‌ను తీసి చేతిలో పట్టుకుంది. "నా కండ్లే వానికి పెట్టిన. నా కండ్లు రాకుంటే వానికి రైలు నౌకరి అయ్యేది. ఆ కంపెనీకి పోయేటోడే కాదు."

పండుమిరపకాయలు గుర్తొచ్చాయి. నేను విసిరేసిన గిన్నెలు గుర్తొచ్చాయి. ఈ మాట లోపల పెట్టుకుని ఆమె ఆ మెట్లు రోజూ ఎక్కింది. నా కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

"అత్తమ్మా," అన్నాను. "బండి నేను పెడ్తున్న. పనికి పొయ్యే ముందుగాల దినాం నేనే పెడ్తున్న. నువ్వు సదిరింది సూసి ఆయన సదిరిండనుకున్న."

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. రేకులు ఎండకు టపటపమన్నాయి. కింద వీధిలో కంపెనీ బస్సు ఆగి, ఎవరినో ఎక్కించుకుని పోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఇద్దరం విన్నాం.

వచ్చే లైనులో ఇంకా సగం బండి మిగిలి ఉంది. అత్తమ్మ అందులోంచి ఒక వ్యాగన్ తీసి, నా వైపు పైకెత్తి చూపించింది.

"బిడ్డా, ఇది ఎర్రదా, పచ్చదా?"

"ఎర్రది," అన్నాను.

"యాడికి పోవాలె?"

"బొల్లారం."

ఆమె చెయ్యి ఆగింది. తర్వాత మెల్లగా దాన్ని బొల్లారం లైనులో పెట్టి తోసింది. నేను వెళ్లి ఆయన స్టూలు మీద కూర్చుని సైకిల్ పుల్లలు పట్టుకున్నాను. ఆమె ఎత్తి చూపించింది, నేను చెప్పాను. ముందే తప్పు లైనుకు పోయినవాటిని కూడా వెనక్కి తీయించి మార్చాం. ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. వచ్చే లైను ఖాళీ అయింది.

ఇన్ని నెలల్లో ఆ యార్డు అంత సరిగ్గా ఎప్పుడూ లేదు. ఎరుపులో ఆకుపచ్చ లేదు, ఆకుపచ్చలో ఎరుపు లేదు. నేను నాలుగు లైన్లూ మొదటి నుంచి చివరిదాకా వెతికాను. ఒక్క తప్పు, ఒకే ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. దొరకలేదు. అప్పుడు ఏడ్చాను, ఆయన పోయాక మొదటిసారి.

అత్తమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. కాసేపటికి, "నాగయ్యకు ఫోన్ చెయ్యి," అంది. "బియ్యం నేను కొలుస్తనని చెప్పు."