కట్ల నర్సు ప్రార్థన

గాయాల వార్డులో ఆమెను అందరూ కట్ల నర్సు అనేవారు. ఇరవై రెండేళ్లుగా చీము తుడిచిన చేతులు ఆమెవి. కొత్త నర్సులు ముక్కు మూసుకుంటే పకపకా నవ్వేది. రోజూ ఉదయం ట్రాలీ ముందు నిలబడి వార్డంతా వినేలా ప్రార్థించేది. "ప్రభువా, అసహ్యమనేది ఎరగని చేతులిచ్చావు, నీకు స్తోత్రం!" ఆ స్తోత్రంలో దేవుడికి దక్కేది సగమే, మిగతా సగం ఆ చేతులకే పోయేది.

అలాంటి మనిషికి ఏడో మంచం దగ్గరికెళ్తే అసహ్యం పుట్టేది. అక్కడున్నది ఆమె బావ. తాగొచ్చి అక్కను కాలితో తన్ని, చివరికి ఇల్లొదిలి పారిపోయిన ఘనుడు. ఇప్పుడు షుగరు ముదిరి, మడమలో బొటనవేలు దూరేంత గుంట పడి, దిక్కులేక ఈమె వార్డులోనే తేలాడు. శుక్రవారానికి కుళ్లు తగ్గకపోతే మోకాలి కింద కాలు తీసేస్తానని డాక్టరు చెప్పేశాడు.

సోమవారం కట్టు కడుతుంటే అతను కళ్లు మూసుకుని గొణిగాడు. "దేవా, పాపిని. దయ చూడు."

"మీ నోటికి దేవుడి పేరు కూడానా?"

"ఇంకెవరి పేరు చెప్పుకోను మరదలా?"

"మరదలూ గిరదలూ వద్దు. ఇక్కడ నేను నర్సుని."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చేసినవన్నీ చేసి, రెండు ముక్కల్లో తేల్చేసుకుంటాడా! మర్నాడు తీసి మార్చాల్సిన తడి గుడ్డ పేలికలు గుంటలోకి గబగబా కుక్కి, పైన కట్టు చుట్టేసి, తల తిప్పుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి కంపు మొదలైంది. బుధవారానికి పక్క మంచాల వాళ్లు దుప్పట్లు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కట్ల నర్సు కూడా మాస్కు మీద మాస్కు వేసుకుంది. అయినా ఆమెకు లోలోపల ఏదో తృప్తి. "లోపలి కుళ్లు బయటికొస్తోంది," అంది తోటి నర్సుతో, అక్కడికేదో తీర్పు జరిగిపోయినట్టు.

గురువారం ఉదయం అతని కోసం కూడా ప్రార్థించింది. ఎంత చక్కగా! "ప్రభువా, ఈ పాపికి కాలు పోయినా ఆత్మన్నా దక్కనీ."

ఆ తర్వాత గుంట కడుగుతుంటే పట్టకారుకు ఏదో తగిలింది. లాగింది. నల్లగా, జిగురుగా, బెత్తెడు పొడవున సాగుతూ వచ్చింది. సోమవారం తను కుక్కిన పేలికే అది, అడుగున ఉండిపోయింది. ఎన్ని పేలికలు పెట్టారో కట్టు మీద రాయాలని వార్డుకంతటికీ నేర్పింది తనే. ఆ రోజు కోపంలో రాయలేదు. మర్నాడు తీసేటప్పుడు లెక్క చూసుకోలేదు. మూడు రోజులుగా వార్డంతా ముక్కు మూసుకున్నది తన చేతి పనికే.

సింకు పట్టుకుని భళ్లున కక్కింది. తన మీద తనకే రోత పుట్టింది.

తిరిగొచ్చేసరికి అతను ట్రేలో పడున్న పేలికను చూస్తున్నాడు.

"బుట్టలో పడేయమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ కాలు ఎలాగూ పోయేదే. నీ ఉద్యోగం ఎందుకు పోవాలి?"

ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చెత్తబుట్ట మూత కూడా తీసింది. అక్కను తన్నినవాడు తనను కాపాడుతున్నాడు, తనేమో దానికి సంతోషిస్తోంది. మూత వేసేసి, ట్రే పట్టుకుని డాక్టరు గదిలోకి నడిచింది.

"ఏడో మంచం కాలు చెడగొట్టింది నేనండీ," అంది.

డాక్టరు పేలికను అటూ ఇటూ తిప్పి చూశాడు. కుళ్లు ఇప్పుడైనా తగ్గుతుందేమో చూద్దామని కాలు తీయడం వారం వాయిదా వేశాడు. ఆమెను మాత్రం ఆ పూటే ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు.

సంచి తీసుకుని ఏడో మంచం పక్కన మోకరించింది. కళ్లు మూసుకుంది. రోజూ గడగడా వచ్చే మాటల్లో ఒక్కటీ రాలేదు.

"నాకు నోరు రావట్లేదు బావా. మీరు ప్రార్థన చెయ్యండి."

అతను తన కట్టు కాలి వైపు చూసుకున్నాడు.

"నేను చేస్తే ముందు మీ అక్క సంగతి చెప్పుకోవాలి," అన్నాడు. "నువ్వు వినగలవా?"