నడిమికి చీల్చిన చుక్కల పుస్తకం

గుడ్డసంచిలో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, వేరుశనగ ఉండల మూట. అన్నిటికీ పైన అట్ట ఊడిన పుస్తకం. మాల్యాద్రి దాన్ని పెట్టిన ప్రతిసారీ చెల్లెలు రంగనాయకమ్మ బయటికి తీస్తోంది. అతను చూడనట్టే మళ్ళీ పెడుతున్నాడు.

అది 1943. మార్కాపురం పలకల గనిలో రాయి చీల్చే మాల్యాద్రి పటాలంలో చేరాడు. లారీ తోలడం వాళ్ళే నేర్పుతారట. సాయంత్రం రైలుకు వెళ్ళాలి. అమ్మ మాలకొండమ్మ పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే కూర్చుని, పొగ మీద నెపం పెట్టి కళ్ళు తుడుచుకుంటోంది.

రంగనాయకమ్మ బడి మొహం చూడలేదు. అన్న తెచ్చే విరిగిన పలకల మీద దిద్ది, తనంతట తానే చదువు పట్టింది. పలకల పెట్టెల వెంట మద్రాసు వెళ్ళినప్పుడు అన్న ఈ పుస్తకం వీధి పక్కన కొన్నాడు. పేరు చిరిగిపోయింది కాబట్టి చుక్కల పుస్తకం అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. ఎక్కడెక్కడి దొరలో రాసిన కథలు తెనిగించి ఒకచోట కుట్టారు. ఇంకా జరగనివి, రేపో మాపో జరుగుతాయేమో అనిపించేవి. ఒక కథలో సముద్రం అడుగున సంత. కాగితం తిప్పితే ఆ సముద్రమూ లేదు, ఆ మనుషులూ లేరు, మరో ఆకాశం. ఒకరిని వదిలి వచ్చామని దిగులు పడేలోపే ఇంకెవరో పిలిచేవారు. మీట నొక్కితే వాన కురిసే ఊరి కథ చదివి వినిపిస్తే అమ్మ కూర కలుపుతూనే అడిగింది. “ఆ ఊరు ఏ తాలూకానే? మనోడికి పిల్లనిస్తారేమో కనుక్కో.”

ఇప్పుడు ఆ ఊళ్ళన్నీ సంచిలో ఎక్కి పోతున్నాయి. ఇంకా సగం చదవలేదని ఆమె మొత్తుకుంది. తనకు మాత్రం అక్కడ ఏముందని అతనన్నాడు. కాసేపు ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని లాగారు. ఉన్నట్టుండి మాల్యాద్రి నవ్వాడు. అన్నీ విడి కథలే కదా, చెరి సగం పంచుకుంటే సరి, వచ్చినాక మార్చుకుందామన్నాడు.

గనిలో రాయిని ఎప్పుడూ నడిమికే చీలుస్తారు. సగం, ఆ సగంలో మళ్ళీ సగం. పక్కనుంచి పొర లేపబోతే పగిలిపోతుంది. అతను పుస్తకాన్ని నిలబెట్టి, బొటనవేలితో మందం చూసి, కుట్టు మీద సన్న ఉలి ఆనించి చిన్నగా తట్టాడు. చక్కగా విడింది. ఏ కథ ఎక్కడ ముగుస్తుందో మాత్రం చూడలేదు.

రంగనాయకమ్మ తన సగంలో చివరి కాగితం చూసి నోరు తెరిచింది. ఇనుప పడవలో ఒక మనిషి చంద్రుడి మీద దిగాడు. కిటికీలోంచి చూస్తే దూరంగా పొగ. అక్కడ ఎవరో పొయ్యి రాజేశారు. అతను తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. అంతే, కాగితం అయిపోయింది.

“నువ్వు చీల్చేది రాయి అనుకున్నావా అన్నా?”

అతను నాలుక కరుచుకుని, తన సగంలోంచి ముందరి కాగితాలు ఊడదీయబోయాడు. ఆమె చెయ్యి చాచింది. చాచిన చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది. బాకీ ఏదీ లేకుండా పోతే మనిషి తిరిగి వస్తాడా?

“వద్దు. నువ్వొచ్చి చదివి చెప్పు. అందాక నువ్వు గూడా చూడగూడదు. ఆ మనిషి గడియ మీద చెయ్యి తియ్యడు, అట్లనే ఉంటాడు.”

“పాపం, చెయ్యి నొప్పి పుడతాదేమోనే.”

“అయితే బిన్నా రా, ఆలస్యం చెయ్యకుండా.”

ఎద్దులబండిలో స్టేషనుకు పోయేదాకా ఆ పొయ్యి రాజేసిందెవరన్నదే మాట. రాక్షసులని అతను, ముందే వెళ్ళి దారి తప్పినవాళ్ళని ఆమె. వీధిలో ఏడవకూడదని బిగబట్టిన అమ్మ కూడా ఆగలేకపోయింది. అది ఆడమనిషే, మగోళ్ళు అంత దూరం పోయి పొయ్యి రాజేస్తారా అని తేల్చేసింది. బండి తోలేవాడు ఎద్దులను ఆపి మరీ, ఇంతకీ ఏ ఊళ్ళో జరిగింది తల్లీ అని అడిగాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

రైలు కదిలింది. మాల్యాద్రి తన సగం పుస్తకాన్ని కిటికీలోంచి ఊపాడు.

“పొయ్యి రాజేసిందెవురో కనుక్కోని వస్తా!”

ఆమె ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తింది. తిరుగుదారిలో, కుదుపుల మధ్యే, తన సగాన్ని మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టింది.

మాల్యాద్రి తిరిగి రాలేదు. 1944 జూన్‌లో, అస్సాం కొండదారిలో లారీ లోయలో పడి చనిపోయాడు.