చేప పొలుసు మెరుపు

మూడో డ్రిల్ బిట్‌ను కూడా సానరాయికి ఆనించి, అమరేందర్ తల ఓ పక్కకు వంచి నిప్పురవ్వలను చూశాడు. ముదురు ఎరుపు, పొట్టి రవ్వలు. చివర్న పువ్వు విచ్చడం లేదు. హైస్పీడ్ స్టీల్ రవ్వలు అలాగే ఉండాలి. మామూలు ఉక్కయితే కాకరపువ్వొత్తిలా పసుప్పచ్చగా చిమ్మేది. రవ్వల్లో తప్పు లేదు, అతనికి చిరాకంతా అందుకే. రాయి తగలగానే బిట్ అంచు పిసరంత ఊడిపోతోంది. మూడింటికి మూడూ అలాగే చేశాయి.

బల్ల మీద ట్రేల నిండా ఇంకా నాలుగు వందల బిట్లున్నాయి. మధ్యాహ్నం మూడింటికి వ్యాన్ వస్తుంది. ఈలోగా అన్నీ బాగున్నాయని అతను సంతకం పెట్టాలి.

అరవై రెండేళ్ళ మనిషి. బొటనవేళ్ళ గోళ్ళు నల్లగా కమిలి, ఎడమ కనుబొమలో పాత కాలిన మచ్చ. పంతొమ్మిదో ఏట బాలానగర్‌లోని ఒక టూల్ రూములో చేరాడు. నలభై ఒకటో ఏట భార్య కమలాదేవికి నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ వచ్చాడు. మొదటి రెండేళ్ళు ఒక గోదాములో పెట్టెలకు లేబుళ్ళు అంటించాడు. ఈ కార్ఖానా ఇంటర్వ్యూలో అడిగినవాటికి ఇంగ్లీషులో జవాబు తోచక సుత్తి ఇమ్మన్నాడు. వాళ్ళ బిట్‌నే విరగ్గొట్టి, విరిగినచోట వేలు పెట్టి, "బ్యాడ్" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఉద్యోగం వచ్చింది.

"అంకుల్, సైన్ అయిందా?" మేనేజర్ రితేష్ తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటూ అడిగాడు. చదువుకోసం హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు.

"కాలే. అంచులు ఊడుతున్నయి."

"లోహాల పాళ్ళు చూపించే గన్‌తో చెక్ చేశాం కదా. టంగ్‌స్టన్, వెనేడియం అన్నీ పర్ఫెక్ట్. హార్డ్‌నెస్ కూడా అరవై నాలుగు. ఇంకేం కావాలి?"

"బీపీ, షుగర్ మంచిగున్నయని మనిషికి ఎముక ఇరగదా?"

"అంకుల్, ప్లీజ్. కస్టమర్ పొద్దున్నుంచి రెండుసార్లు కాల్ చేశాడు."

"మూడోసారి చేస్తే నాకియ్యి, నేను మాట్లాడుత."

రితేష్ నిట్టూర్చి వెళ్ళిపోయాడు. అమరేందర్ ఒక బిట్‌ను వైస్‌లో బిగించి, మీద గుడ్డ కప్పి సుత్తితో కొట్టాడు. చేతికి పని చెప్పకుండానే పుటుక్కున విరిగింది. ముక్కను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురులో తిప్పాడు. మంచి ఉక్కు విరిగితే లోపల బూడిదరంగులో పట్టుగుడ్డలా నునుపుగా ఉంటుంది. ఇది గరుకుగా, చేప పొలుసుల్లా తళతళలాడుతోంది.

ఇక యంత్రాలతో పనిలేదు. ఒకసారి కొలిమిలో కాల్చి గట్టిపరచిన ఉక్కును, మధ్యలో మెత్తబరచకుండా మళ్ళీ కాలిస్తేనే ఈ పొలుసు వస్తుంది. పైకి అంతే గట్టిగా ఉంటుంది. లోపల మాత్రం పెళుసు.

కొలిమి పార్థసారథిది. రాజమండ్రి మనిషి, నాలుగేళ్ళు పెద్ద. పద్దెనిమిదేళ్ళుగా పదింటి టీ ఇద్దరూ కలిసే తాగుతున్నారు. కొలిమి రిజిస్టరులో ఈ లాట్‌కు ఒక్కసారి కాల్చినట్టే రాసి ఉంది. ముక్కను జేబులో వేసుకుని అమరేందర్ వెనక షెడ్డుకు నడిచాడు. మధ్యలో ఎవరో అడ్డంగా వదిలేసిన ట్రాలీని కాలితో తోసి తిట్టుకున్నాడు.

"సారథన్నా, గీ లాట్ రెండుసార్లు కాల్చినవా?"

పార్థసారథి చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. "ఎవరు చెప్పారు?"

"ఉక్కే చెప్పింది."

పార్థసారథి కొలిమి వైపు తిరిగాడు.

"మొదటిసారి మెత్తగా వచ్చాయోయ్. పన్నెండొందల ఇరవై డిగ్రీలనుకుని పదకొండొందల ఇరవైకే తీసేశాను."

"గంత గంత అంకెలు కనబడలేదా?"

"కనబడటం లేదు." పార్థసారథి గొంతు మామూలుగానే ఉంది. "ఆరు నెలలైంది. ఒకటీ రెండూ ఒక్కలాగే ఉంటున్నాయి. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడిదీ ఆగదన్నారు హాస్పిటల్లో."

అమరేందర్‌కు ఒళ్ళు మండింది. "నాకొక్క మాట జెప్పొచ్చు గద. మెత్తబరిచి మల్ల కాలిస్తే ఒక్క దినం లేటైతుండె, అంతే గద."

"ఎందుకు లేటు అంటారు. కళ్ళు అనాలి. కళ్ళంటే ఇంటికి పొమ్మంటారు. మీ వదిన పోయాక ఆ ఇంట్లో నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే." గుడ్డను మడిచాడు, మళ్ళీ విప్పాడు. "ఈ ఒక్కసారికీ పాస్ చేసెయ్యవోయ్. శుక్రవారం నేనే మానేస్తాను."

అమరేందర్ కోపం తన మీదికే తిరిగింది. ఉక్కులో పొలుసును పట్టే తన కళ్ళు, రోజూ ఎదురుగా కూర్చుని టీ కప్పు కోసం బల్లను తడుముతున్న చేతిని పట్టలేదు. పట్టాయేమో, తనే అడగలేదు.

"అన్నా, ఇవి తిరుగుతుంటేనే పగుల్తయి," అన్నాడు చివరికి. "పగిల్తే ముక్కలు ముంగట నిలబడ్డోని మొఖానికే కొడ్తయి. కండ్లల్ల."

పార్థసారథి చేతిలో గుడ్డ ఆగింది.

"రాసెయ్," అన్నాడు.

అమరేందర్ తిరిగొచ్చి ఫారం మీద రిజెక్ట్ అని రాశాడు. కారణం దగ్గర పెన్ను ఆపి, రెండుసార్లు గట్టిపరచారని రాశాడు. రితేష్ అది చదివి ముఖం ఎర్రగా చేసుకున్నాడు.

"ఎవరు చేశారు అంకుల్?"

"ఎట్లయిందో రాసిన. ఎవలు జేసిన్రో రాసుడు నా పని కాదు."

"మరి నేను కస్టమర్‌కి ఏం చెప్పాలి?"

"నేనే బాబూ," అన్నాడు పార్థసారథి వెనక నుంచి. అప్పటికే కోటు తొడుక్కుని ఉన్నాడు. "నా కళ్ళు బాగోలేవు. నెలల కిందటే చెప్పాల్సింది. ఇవాళ్టితో మానేస్తాను."

రితేష్ ఏదో అనబోయి, ఫోన్ జేబులో పెట్టి, "కూర్చోండి అంకుల్," అన్నాడు. ఆయన కూర్చోలేదు. చూపించినచోట సంతకం పెట్టాడు. అది గీతకు బెత్తెడు కింద పడింది.

"ఆగు, కార్ల దింపుత," అన్నాడు అమరేందర్.

"బస్సుందిలే. నంబరు పక్కవాళ్ళనడిగి ఎక్కుతాను. నీ పని నువ్వు చూసుకో."

అమరేందర్ కిటికీలోంచి చూశాడు. రౌండబౌట్ దాకా ఆయన కంచె పట్టుకునే నడిచాడు. అక్కడ కంచె అయిపోయింది. ఒక్క క్షణం నిలబడి, కార్ల చప్పుడు తగ్గాక దాటాడు. ఆ మొండితనానికి అమరేందర్ పళ్ళు కొరుకుతూ బల్ల దగ్గరకొచ్చి, బిట్లకు ఒక్కొక్కదానికీ ఎర్రరంగు పూయడం మొదలుపెట్టాడు. నాలుగు వందలూ అయ్యేసరికి ఐదైంది.

వెళ్ళేముందు కొలిమి షెడ్డులో లైటు ఆర్పడానికి వెళ్ళాడు. కొలిమి ఆపేసి ఉంది. ఉష్ణోగ్రత చూపే పలక ముందు, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ భూతద్దం ఒకటి ఇనుప తీగతో కట్టి వేలాడుతోంది. పిడికి గుడ్డపేలిక చుట్టి ఉంది. వేలిముద్రలు పేరుకున్న ఆ అద్దంలో, చల్లబడుతున్న కొలిమి అంకెలు ఇంతింత పెద్దవిగా ఒక్కొక్కటే దిగిపోతున్నాయి.